అంజనగిరిలో ఆడవేషం

మూడో రోజు పొద్దు నడినెత్తి దాటే వేళకు చంద్రకాంతపురి యువరాజు విహారసేనుడు, అతని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న ఆస్థాన విదూషకుడు చంచరీకుడు అంజనగిరి పాదం దగ్గరకు చేరుకున్నారు. చేరుకున్నారంటే ఏదో వనవిహారానికి వచ్చారనుకునేరు. వెనక ఆకాశంలో మాంత్రికుడు ధూమ్రకేశుడు వదిలిన ఏడు పొగగద్దలు నిప్పుకణికల్లాంటి కళ్ళతో తరుముకొస్తున్నాయి. ముందు చూస్తే కొండ.

ఆ కొండను వర్ణించకుండా ముందుకు పోతే నాకు తోచదు. నల్లని నునుపురాయి కొండంతా పరుచుకుని, ఎండ పడిన చోట నీలంగా, నీడ పడిన చోట చిక్కని చీకటిగా మెరుస్తోంది. నడుమనడుమ పాలధారల్లా జలపాతాలు దుముకుతున్నాయి. పొగడలూ ఇప్పలూ సంపెంగలూ గుంపులు గుంపులుగా పూసి, గాలి వీచినప్పుడల్లా లోయ నిండా పూలు రాలుస్తున్నాయి. శిఖరం దగ్గర చిలకల బారు ఒకటి పచ్చతోరణం కట్టినట్టు సాగిపోతోంది. ఇంత అందమూ విహారసేనుడికి కనపడదు కదా, అని చంచరీకుడు అతని చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

అసలు జరిగిందేమిటంటే, ధూమ్రకేశుడు ఎత్తుకుపోయిన సూర్యకాంత ఖడ్గాన్ని వాడి గుహలోంచి తిరిగి తీసుకుని యువరాజు గడప దాటబోయాడు. అంతలో ఆ దుర్మార్గుడు మేలుకుని గుప్పెడు పొగ అతని కళ్ళలోకి ఊదాడు. ఖడ్గం చంచరీకుడి మూటలో దక్కింది గాని, కళ్ళు తెరిచి ఉండగానే చూపు పోయింది, కంట్లో తడి కూడా ఇంకిపోయింది. మూడో రోజు సూర్యుడు కుంకేలోగా అంజనగిరి అంజనం పెట్టకపోతే ఇక ఆ కళ్ళు ఎన్నటికీ రావని దారిలో ఒక ముని చెప్పాడు. అప్పటి నుంచీ పరుగే పరుగు.

చంచరీకుడికి యాభై దాటాయి. బట్టతల, బానపొట్ట, ముందూ వెనకా ఎవరూ లేరు. మూడేళ్ళప్పటి నుంచి ఈ పిల్లవాణ్ణి భుజాన మోసి పెంచాడు. ఆ కళ్ళు పోతే తనవి పోయినట్టే. ఆ మాట పైకి అనలేదు గాని, మూడు రోజులుగా పట్టుకున్న చెయ్యి తిండి తినేటప్పుడు కూడా వదల్లేదు. ఎడం చేత్తో తిన్నాడు.

"మామా, కొండ మీదికి మైదానం వాళ్ళను రానివ్వరటగా. పన్నెండేళ్ళయిందట. ఎందుకంటావు?" అన్నాడు యువరాజు.

"ఏదో సరిహద్దు తగాదా బాబూ. నాకంత వివరంగా తెలియదు."

పచ్చి అబద్ధం. వివరంగా తెలుసు. పన్నెండేళ్ళ కిందట అంజనగిరి రాయబారులు చంద్రకాంతపురికి విందుకు వచ్చిన రోజున చంచరీకుడు మొట్టమొదటిసారి 'నల్లపెళ్ళికూతురు' వేషం కట్టాడు. ముఖానికి మసి, ఒంటికి ఎర్రచీర, రవికెలో రెండు వెలగకాయలు. కళ్ళు గిరగిరా తిప్పి, నాలుక చాపి, అమావాస్య రాత్రి ఈ పెళ్ళికూతురు కనపడక పెళ్ళికొడుకు పందిరి గుంజకు తాళి కట్టాడని చెప్పాడు. సభంతా కడుపు పట్టుకుని నవ్వింది. మహారాజు తన ముత్యాలహారం తీసి మెడలో వేశాడు. ఎనిమిదేళ్ళ విహారసేనుడు నవ్వి నవ్వి తల్లి ఒళ్ళోంచి కిందపడ్డాడు. రాయబారులు మాత్రం విస్తళ్ళ ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. హాస్యం తెలియని జనం అన్నారు సభలో. చంచరీకుడూ అదే అన్నాడు. ఆ తరవాత ఏటా ప్రతి పండక్కీ అదే వేషం కట్టాడు.

ఇప్పుడు కూడా అతని బుర్రకు అదే తట్టింది చూడండి.

"బాబూ, నేను అంజనగిరి ఆడదాన్ని, నువ్వు చూపులేని నా తమ్ముడివి. ద్వారం దాటి లోపలికి పోతాం, అంజనం అడిగి తెచ్చుకుంటాం. వేషం సంగతి నాకు వదిలేయి. ఈ ఒక్క వేషంలో నన్ను కొట్టేవాడు మూడు రాజ్యాల్లో లేడు."

మూటలోంచి మసిడబ్బా, ఆముదం, ఎర్రచీర బయటికి వచ్చాయి. దారిలో వెలగచెట్టూ దొరికింది. యువరాజు ముఖానికి కూడా ఓ పూత పూశాడు.

"ఎలా ఉన్నావు మామా?"

"బ్రహ్మాండంగా ఉన్నాను."

"చూడలేకపోతున్నానే" అన్నాడు యువరాజు నిజంగానే దిగులుపడుతూ.

ఆ దిగులు తీరే తీరిక ఎక్కడిది. నెత్తి మీద కీచుమని అరుపు వినపడింది. మొదటి పొగగద్ద రివ్వున దిగి చంచరీకుడి కొంగు అందుకుంది. కొంగు భగ్గుమంది. అతను దాన్ని రాతికేసి కొట్టి ఆర్పి, యువరాజును ముందుకు తోసి, కొండదారి పట్టాడు. ఎదురుగా అగాధమైన లోయ, దాని మీద ఒంటి వెదురుల వంతెన. "బాబూ, కాలు తీసి కాలు వెయ్యి, కింద ఏముందని మాత్రం అడక్కు" అంటూ వెనక నుంచి అతని నడుం పట్టుకుని నడిపించాడు. వంతెన సగానికి వచ్చేసరికి గద్దలు వెదుళ్ళ మీద వాలాయి. ఒక్కొక్క వెదురూ మసై రాలిపోతోంది. ఇక నడిస్తే లాభం లేదని యువరాజును అమాంతం భుజానికెత్తుకుని, ఆ బానపొట్టతో, ఆ చీరతో, ఒక్క ఉరుకున అవతలి గట్టు మీద పడ్డాడు. పడ్డవాడు ఆగకుండా పక్కనే దుముకుతున్న జలపాతంలోకి దూరాడు. వెంట దూరిన మూడు గద్దలు నీళ్ళు తగిలి సుయ్యిమని ఆవిరైపోయాయి. మిగిలిన నాలుగూ భయపడి ఎత్తుకు లేచి, అక్కడే గిరికీలు కొడుతూ ఉండిపోయాయి. మసి ఆముదంలో కలిపింది కాబట్టి వేషం చెక్కుచెదరలేదు. చంచరీకుడికి తన పనితనం మీద మళ్ళీ గురి కుదిరింది.

జలపాతం అవతల రెండు బండల మధ్య సన్నని సందు. అదే అంజనగిరి ద్వారం. బండ మీద విల్లు ఒళ్ళో పెట్టుకుని ఒక యువతి కూర్చుని ఉంది. పేరు మోదుగ, ద్వారం కాపలా ఆమెది. ముక్కుకు వెండి అడ్డబాస, కొప్పులో పిల్లంగోవి, ఎండలో నిగనిగలాడే ఒళ్ళు. నలుపులో ఇన్ని ఛాయలుంటాయని పన్నెండేళ్ళు మసిడబ్బాతో బతికిన చంచరీకుడికి అప్పటిదాకా తెలియదు.

అయినా వెనక్కి తగ్గలేదు. నడుం మీద చెయ్యి వేసి, కళ్ళు గిరగిరా తిప్పి, నాలుక చాపి, "ఊఁ, ఊఁ, నేను కొండపిల్ల. చెట్టు తింటాను, పుట్ట తింటాను, మొగుడు దొరికితే మొగుణ్ణి తింటాను. వీడు నా తమ్ముడు. దారియ్యి" అన్నాడు. చంద్రకాంతపురిలో ఈ మాటకు ఈలలు పడేవి.

మోదుగ ఈల వెయ్యలేదు, విల్లూ ఎత్తలేదు. నెమ్మదిగా బండ దిగి అతని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఒంట్లో బాగానే ఉందా అక్కా?" అంది.

చంచరీకుడు మళ్ళీ ఒకసారి కళ్ళు తిప్పాడు, ఈసారి కాస్త తక్కువగా.

"ఏడేళ్ళ నుంచి ఈ వాకిలి కాస్తున్నా. ఎలుగొచ్చింది, చిరుతొచ్చింది. ఇట్టాంటిది రాలేదు" అంది మోదుగ.

"ఆమె మా అక్కే" అన్నాడు యువరాజు, మామను కాపాడదామని.

"నీకు కళ్ళు లేవుగా తమ్ముడూ, నమ్మావు పాపం."

సరిగ్గా అప్పుడే ఒక వెలగకాయ జారి దొర్లుకుంటూ మోదుగ కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసి, దుమ్ము దులిపి, ఎంతో మర్యాదగా తిరిగి ఇచ్చింది. "లోపల పెళ్ళి జరుగుతోంది. మా పెద్దవ్వ అక్కడే ఉంది. పద అక్కా, నిన్ను చూస్తే సంతోషిస్తుంది" అని ముందు నడిచింది.

పెళ్ళిపందిరి కొండ నడిబొడ్డున ఒక చదును మీద వేశారు. నాలుగు వందల మంది కూర్చున్నారు. నేరేడవ్వ ఆ కొండకు పెద్దదిక్కు, తొంభై ఏళ్ళ మనిషి, చిన్న రాతికల్వం ఒళ్ళో పెట్టుకుని ఏవో ఆకులు నూరుతోంది. తలెత్తి చంచరీకుణ్ణి చూసింది. నూరడం ఆపింది.

"పన్నెండేళ్ళయింది నాయనా. మీ రాజు విందులో ముందు వరసలో కూచున్నది నేనే. ఈ వేషం మళ్ళీ చూస్తాననుకోలేదు" అంది.

చంచరీకుడి పై ప్రాణాలు పైనే పోయాయి. తరవాత అతను చేసిన పని మాత్రం తెలివైనది. నాటకం కట్టిపెట్టి ఆమె కాళ్ళ మీద పడి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. పొగ, గుహ, ముని, మూడు రోజులు, అన్నీ. "తప్పు నాది అవ్వా. ఆ రోజుకు వీడు పసివాడు. నా తల తీసుకుని వీడి కళ్ళివ్వండి" అన్నాడు.

"నీ తల నాకెందుకు నాయనా, నాకొకటుంది" అంది నేరేడవ్వ. అని యువరాజును దగ్గరకు పిలిచి, అతని రెప్పలు పైకెత్తి చూసింది. "పెళ్ళికని అంజనం ఎటూ నూరేశాను. అందులో పడాల్సింది ఒక్కటే మిగిలింది. దెప్పించుకున్న మనిషి కంట నవ్వుతో రాలిన నీటిచుక్క. కన్నుకొక చుక్క చొప్పున రెండు కావాలి, ఒక నవ్వుకు ఒక్క చుక్కే పనికొస్తుంది. వాటిని అడగొచ్చినవాడే తేవాలి. ఏడుపుతో రాలిన చుక్క గాని పడిందా, అది అంజనం కాదు, విషం. పొద్దు కుంకడానికి ఇంకా రెండు గడియలుంది."

"ఇంతేనా" అన్నాడు చంచరీకుడు. అతనికి ప్రాణం లేచొచ్చింది. మనుషుల్ని నవ్వించడం అతని వృత్తి.

"ఆత్రపడకు. ముందు మావాళ్ళు ఎట్టా దెప్పుతారో చూడు" అంది మోదుగ.

అంజనగిరి పెళ్ళిళ్ళలో దెప్పులాట ఒక వేడుక. ఎవరైనా ఎవరినైనా ఏమైనా అనవచ్చు. రంగు, రూపం, కులం, గోత్రం, ఆడా మగా, దేనికీ అడ్డు లేదు. ఉన్నది ఒకటే కట్టడి. ఎవరిని దెప్పుతున్నావో ఆ మనిషి చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ దెప్పాలి. ఆ మనిషి చెయ్యి లాక్కుంటే అక్కడితో ఆపాలి.

పెళ్ళికూతురి మేనత్త లేచి పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుంది. "ఏమయ్యా, అమావాస్య నాడు మా పిల్ల నిన్ను ఎట్టా పోల్చుకోవాలి? పళ్ళికిలిస్తావా, దగ్గుతావా?"

"దగ్గుతానత్తా. మీ పిల్ల ఎటూ గురక పెడుతుంది. ఇద్దరికీ దీపం పని లేదు" అన్నాడు పెళ్ళికొడుకు. పందిరి గొల్లుమంది. ఇద్దరూ చేతులు ఊపుకుంటూ మరీ నవ్వారు.

తరవాత ఒకడు పెళ్ళికూతురి అన్న చెయ్యి పట్టుకుని అతని మెల్లకన్ను మీద ఏదో ఎత్తుకున్నాడు. సగంలో ఆ అన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎత్తుకున్నవాడు అక్కడికక్కడే ఆపేసి, ఒక బెల్లంముక్క అతని నోట్లో పెట్టి, వెళ్ళి తన చోట కూర్చున్నాడు. ఎందుకు తీసుకున్నావని ఎవరూ అడగలేదు.

చంచరీకుడికి ఒళ్ళు మండింది. "ఆ అమావాస్య ముచ్చట నాదే కదా. అదే మాట మీరంటే నవ్వుతారు, నేనంటే విస్తరి ముందు నుంచి లేచిపోతారా? ఇదెక్కడి న్యాయం?" అన్నాడు.

"అను. వద్దన్నదెవరు? చెయ్యి పట్టుకుని అను" అని మోదుగ తన చెయ్యి చాపింది.

వింటి అల్లెతాడు లాగి లాగి కాయలు కాచిన చెయ్యి అది. చంచరీకుడు పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. "అమావాస్య రాత్రి అంజనగిరి పెళ్ళికూతురు కనపడక..." అన్నాడు. మోదుగ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నాలుగు వందలసార్లు చెప్పిన మాట. నిద్రలో లేపినా తప్పులేకుండా చెప్పగలడు. అలాంటిది ఆ 'కనపడక' దగ్గర నాలుక మెలిపడింది. కనపడకపోవడమేమిటి, ఎదురుగా మూరెడు దూరంలో ఇంత మనిషి కనపడుతుంటే. ఎప్పుడు తీశాడో గాని, చూసుకునేసరికి అతని చెయ్యి అతని ఒళ్ళో ఉంది.

"నేను తియ్యలేదు. నువ్వే తీశావు" అంది మోదుగ.

పొద్దు వాలుతోంది. పైన నాలుగు గద్దల నీడలూ పందిరి మీద తిరుగుతున్నాయి. యువరాజు పడమటి వైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. అది చూసి చంచరీకుడు గబగబా నేరేడవ్వ చెయ్యి అందుకున్నాడు. రంగు వద్దు, ఆడవాళ్ళ మీద చెబుదాం, అది ఎక్కడైనా పండుతుంది అనుకున్నాడు.

"అంజనగిరిలో ఒక అత్తగారుండేది. ఆమె వాకిట్లోకి వచ్చిందంటే, చూసి పులి పరుగో పరుగు."

"ఏ అత్త?" అంది నేరేడవ్వ.

"ఎవరూ కాదవ్వా. ఊరికే, కల్పించింది."

"మరి నువ్వు పట్టుకున్నది నా చెయ్యి కదా నాయనా. నన్ను చూసి పులి పరుగెత్తిందంటావా?" అని ఆమె కాసేపు ఆలోచించింది. "పరుగెత్తింది, నిజమే. ముప్పై ఏళ్ళ కింద. మా ఆయన్ని నోట కరుచుకుని పరుగెత్తింది."

చంచరీకుడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. విచిత్రమేమిటంటే నేరేడవ్వ చెయ్యి లాక్కోలేదు. రెండో చేత్తో అతని చెయ్యి నిమిరింది.

"నీకు తెలియదు కదా" అంది.

"తెలియదవ్వా. ఏమీ తెలియదు నాకు" అన్నాడు చంచరీకుడు. ఈసారి చెయ్యి అతను కూడా తియ్యలేదు.

ఆ మాట వినగానే యువరాజు తడుముకుంటూ వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. "పోనీలే మామా. కళ్ళు లేకపోతే ఏం, నువ్వున్నావుగా. లే, పోదాం" అన్నాడు.

ఆ ఒక్క మాటతో చంచరీకుడికి ఎక్కడలేని మొండిధైర్యం వచ్చింది. పందిరి నడుమకు పోయి చతికిలబడి, కుడిచెయ్యి చాపాడు.

"దెప్పడం నా వల్ల కాదు. మనుషులు ఎదురుగా లేనప్పుడు దెప్పడమే నాకొచ్చిన విద్య అని ఇప్పుడు తెలిసింది. మీరే నన్ను దెప్పండి. నా రంగు మీదనండి, ఈ చీర మీదనండి, మీ ఇష్టం. ఆ చుక్క నా కంటి నుంచే రానీ. అడగొచ్చినవాడే తేవాలన్నారు గాని, ఇంకొకళ్ళ కంటి నుంచే తేవాలనలేదు కదా."

నేరేడవ్వ కనుబొమలు ఎగరేసింది. "అనలేదు" అని ఒప్పుకుంది.

మోదుగ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు లేచి వచ్చింది. ఎడంచేత్తో అతని చెయ్యి పట్టుకుంది, కుడిచేత్తో వెలగకాయలు అడిగి పుచ్చుకుంది. "ఏం మామా, మీ ఊరి జనమంతా నానబెట్టిన అటుకుల్లా ఉంటారటగా. వానలో బయటికొస్తే ఉబ్బిపోరూ?" అంది. పందిరి నవ్వింది. చంచరీకుడు పళ్ళు బిగించి కూర్చున్నాడు. కొంచెం మండింది. మండితే ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాడు, చెయ్యి మాత్రం వదల్లేదు.

అప్పుడు మోదుగ అసలు ఆట మొదలుపెట్టింది. పొట్ట ముందుకు పెట్టి, ముళ్ళ మీద నడిచినట్టు మునివేళ్ళ మీద నాలుగడుగులు వేసి, అతణ్ణి కూడా వెంట లాక్కుపోతూ, కళ్ళు గిరగిరా తిప్పింది. "ఊఁ, ఊఁ, నేను కొండపిల్ల. మొగుడు దొరికితే మొగుణ్ణి తింటాను." వెంటనే వెనక్కి తిరిగి, తేనె కారే గొంతుతో, "బాబూ, అక్కడ రాయుంది, చూసి. కాలికి తగిలిందా నా తండ్రీ?" మళ్ళీ ముందుకు తిరిగి, నాలుక చాపి, "చెట్టు తింటాను, పుట్ట తింటాను." మళ్ళీ వెనక్కి, "బాబూ, చల్లగాలి, చెవులు మూసుకో." మళ్ళీ ముందుకు, "ఊఁ, దారియ్యి, కొరికేస్తాను." మళ్ళీ వెనక్కి, "బాబూ, నువ్వు భయపడకు, ఇదంతా ఉత్తుత్తిదే." ఆఖర్న ఒక వెలగకాయ జారవిడిచి, అది దొర్లిన వైపు ఆకలిగొన్న బిడ్డను చూసినట్టు దీనంగా చూసింది.

ఒక్కొక్క విరుపూ, ఒక్కొక్క నిలుపూ పన్నెండేళ్ళ అనుభవమున్న నటుడే ముక్కున వేలేసుకునేటంత సరిగ్గా పడింది. అది తనే. మసిముఖం రాక్షసీ తనే, ఆ రాక్షసి వెనక దాక్కున్న పిచ్చిముసలాడూ తనే. ఇంత బాగా ఎవరూ తనను చూడలేదు. చంచరీకుడి పొట్ట ముందు కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. ఆ తరవాత పగలబడి, ఊపిరాడక, మోదుగ చెయ్యి పట్టుకునే నేల మీద దొర్లి దొర్లి నవ్వాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. నేరేడవ్వ చటుక్కున కల్వం పట్టింది. మసితో నల్లబడిన చుక్క ఒకటి అందులో పడింది.

"మసి కలిసిందే" అన్నాడు చంచరీకుడు ఎగశ్వాసతో.

"పెట్టేది కాటుకే కదా నాయనా" అంది అవ్వ. ఆ చుక్కకు సరిపడా అంజనం రంగరించి, చిటికెనవేలితో యువరాజు కుడికంటికి పెట్టింది.

ఆ కంట్లోంచి సన్నని పొగ ఒకటి మెలికలు తిరుగుతూ బయటికి పోయింది. విహారసేనుడు రెప్ప వేసి, తెరిచాడు. ముందు నేరేడవ్వను చూశాడు. తరవాత మోదుగను చూశాడు. పందిట్లో కూర్చున్న పెళ్ళివాళ్ళను, బెల్లం నములుతున్న ఆ అన్నను, పెళ్ళికూతురిని, ఒక్కొక్కరినే ఆగి ఆగి చూశాడు. చిట్టచివరికి, మసి చారలు కట్టిన ముఖంతో, సగం కాలిన చీరతో నిలబడ్డ మామను చూశాడు.

ఈ వేషం చూస్తే అతను నవ్వుతాడని చంచరీకుడు ఎదురుచూస్తున్నాడు. ఎనిమిదేళ్ళప్పటి నుంచి ఎప్పుడూ నవ్వకుండా లేడు.

యువరాజు నవ్వలేదు. "మామా, వీళ్ళెవరూ నువ్వు చూపించినట్టు లేరే" అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. "అన్నేళ్ళు పడీపడీ నవ్వాను కదా. ఎవరిని చూసి నవ్వినట్టు?"

చంచరీకుడి కళ్ళు నిండిపోయాయి. నేరేడవ్వ గబుక్కున కల్వం వెనక్కి లాక్కుంది. "ఆ చుక్క వద్దు నాయనా. ఇందులో పడనివ్వకు."

పడమట సూర్యుడు సగం మునిగాడు. పైన గద్దలు నాలుగూ ఒక్కసారిగా రెక్కలు ముడిచి కిందికి దిగడం మొదలుపెట్టాయి. పెళ్ళివాళ్ళు విళ్ళందుకున్నారు. చంచరీకుడు కొంగుతో కళ్ళొత్తుకుని మోదుగ వైపు చెయ్యి చాపాడు. "ఇంకోటి అను తల్లీ. నా బట్టతల మీద అను, నా పుట్టుక మీద అను. త్వరగా అను." మోదుగ చెయ్యి పట్టుకుంది గాని, ఆ ముఖం చూస్తూ దెప్పలేకపోయింది.

అప్పుడు విహారసేనుడు అతని రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఒంటికన్ను అతని కళ్ళలో పెట్టి చూశాడు.

"మామా, ఒక కంటితో చూస్తేనే నువ్విట్లా ఉన్నావు" అన్నాడు. "రెండోది కూడా తెరిపిస్తావా, కాస్త ఆలోచించుకో."

చంచరీకుడి పెదవులు వణికాయి. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. పొట్ట అదిరింది, భుజాలు అదిరాయి. యువరాజు చెయ్యి పట్టుకున్న పట్టు విడవకుండా ముందుకు వంగిపోయాడు. ఎడమకంటి కొసన ఒక పెద్ద చుక్క ఊరి, మసి చెంప మీదుగా కిందికి జారుతోంది. పడమట సూర్యుడి అంచు మాత్రమే మిగిలింది. తొంభై ఏళ్ళ బతుకులో ఇన్ని కన్నీళ్ళు చూసిన నేరేడవ్వ, ఈ చుక్క నవ్వుదో ఏడుపుదో పోల్చుకోలేక, కల్వం రెండు చేతులా పట్టుకుని అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.